పందికోరల శిరస్త్రాణం: ఆరు దశలు, 102 గంటలు, 98 పలకలు

ఇది చూసి ఎవరైనా చేయదలిస్తే నాలుగో దశతో మొదలుపెట్టండి. నేను ఒకటో దశతో మొదలుపెట్టాను. అందుకే మొదటి 54 గంటల పనిలో చాలా భాగం మళ్ళీ చేయాల్సి వచ్చింది.

చేస్తున్నదేమిటో ముందుగా నాలుగు ముక్కలు. గ్రీకు యోధుడనగానే మనకు ముఖమంతా కప్పేసే కంచు శిరస్త్రాణం, గుండ్రటి పెద్ద డాలు గుర్తొస్తాయి. అవి క్రీ.పూ. 8, 7 శతాబ్దాల సరుకు. వాటికి ఎన్నో వందల ఏళ్ళ ముందే మైసీనీ కాలపు (గ్రీసు కంచుయుగపు చివరి దశ) యోధులు అడవిపంది కోరలను పలకలుగా చీల్చి, బెజ్జాలు పెట్టి, టోపీకి వరుసలుగా కుట్టి తలకు పెట్టుకున్నారు. 1876లో పురాతత్వవేత్త హైన్రిక్ ష్లీమన్ మైసీనీ నగరంలో తవ్విన సమాధుల్లో అలాంటి పలకలు బయటపడ్డాయి. 1960లో మైసీనీకి దగ్గరలోని దెంద్రాలో దొరికిన ప్రసిద్ధ కంచు కవచం పక్కన కూడా ఉన్నాయి. 2015లో పీలోస్ దగ్గర తవ్విన ‘గ్రిఫిన్ యోధుడి’ సమాధిలోనూ దొరికాయి. థెరా ద్వీపంలో అగ్నిపర్వతపు బూడిద కింద మిగిలిన అక్రోతిరి గోడచిత్రాల్లో ఈ టోపీలు పెట్టుకున్న సైనికులు వరుసగా నడుస్తుంటారు.

అన్నిటికన్నా నాకు పనికొచ్చింది హోమర్ కావ్యం ఇలియడ్‌లోని పదో సర్గ. రాత్రివేళ శత్రు శిబిరం మీదికి వేగుకు వెళ్ళబోతున్న ఒడిస్సియస్ తలకు తోటి యోధుడు మెరియోనిస్ ఈ శిరస్త్రాణం పెడతాడు. హోమర్ అక్కడ ఆగి దాని తయారీ చెబుతాడు: లోపల ఎన్నో తోలు పట్టీలు గట్టిగా బిగించి ఉన్నాయి, పైన తెల్లని పందికోరలు ఇటూ అటూ ఒద్దికగా పేర్చి ఉన్నాయి, నడుమ ఒత్తిన ఉన్ని అమర్చి ఉంది. ఆ కావ్యం రూపుదిద్దుకునేనాటికి అలాంటి టోపీలు వాడుక తప్పి వందల ఏళ్ళయింది. అయినా హోమర్ లోపలి పట్టీలతోనే మొదలుపెడతాడు, ఆ తర్వాతే పైన కోరలు, చివరికి నడుమ ఉన్ని. నేను మాత్రం పైనుంచి మొదలుపెట్టాను, చూడగానే కనిపించేది కోరలే కాబట్టి.

దశ 1: ప్లాస్టిక్ గొట్టంతో నమూనా (9 గంటలు)

అసలు కోరలు వాడే ప్రసక్తి లేదు. మన దేశంలో అడవిపంది వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) పరిధిలోకి వస్తుంది. అనుమతి లేకుండా కోరలు కొనడం, దాచుకోవడం ఇబ్బందిలో పడే పని. పైగా ఒక్క శిరస్త్రాణానికి దగ్గరదగ్గర నలభై పందుల కోరలు కావాలని పరిశోధకుల అంచనా. కాబట్టి నమూనాకు 63 మిల్లీమీటర్ల నీళ్ళ గొట్టం, అసలుకు గేదె ఎముక అని నిర్ణయించుకున్నాను.

నా తల చుట్టుకొలత 58 సెంటీమీటర్లు. లోపలి మెత్త, తోలు కలిపి బయటి చుట్టుకొలత 66. ఎత్తు 22. నాలుగు వరుసలు, ఒక్కో పలక 5.5 సెంటీమీటర్ల పొడవు, 2.2 వెడల్పు. నెలవంక ఆకారం. కింది రెండు వరుసలకు 58 పలకలు కోసి, పాత సంచీ తోలుతో చేసిన టోపీకి కుట్టాను.

ఇక్కడ ఒకటి నేర్చుకున్నాను, ఒకటి చూడకుండా వదిలేశాను.

నేర్చుకున్నది: రెండు వరుసల్లోనూ నెలవంకలు ఒకే దిక్కుకు తిరిగి ఉంటే దారాలన్నీ ఒకే వైపు లాగుతాయి. అరచేత్తో పైనుంచి నొక్కితే టోపీ మెలి తిరిగింది. అంచు మీద పెట్టిన గుర్తు 14 మిల్లీమీటర్లు పక్కకు జరిగింది. రెండో వరుస విప్పి ఎదురు దిక్కుకు తిప్పి కుట్టాక అదే నొక్కుడుకు 3 మిల్లీమీటర్లే జరిగింది. హోమర్ ‘ఇటూ అటూ’ అన్నది అందం కోసమేనని అంతవరకూ అనుకున్నాను. మైసీనీలో దొరికిన దంతపు బొమ్మల తలల మీద కూడా వరుస వరుసకూ వంపు మారుతుంది. ఆనాటి పనివాడి లెక్క కూడా ఇదేనని పందెం కాయను. నా చేతిలో మాత్రం ఇలా తేలింది.

(మొదట్లో ఇంకో ఊహ ఉండేది: పందికి ఎడమ కోర ఒకటి, కుడి కోర ఒకటి, వంపులు ఎదురెదురు కాబట్టి ఒక వరుసకు ఎడమవి, ఇంకో వరుసకు కుడివి వాడి ఉంటారని. చక్కటి ఊహే. కానీ నెలవంకను తలకిందులు చేస్తే ఎడమది కుడి అవుతుంది, సన్నటి కొస మాత్రం కిందికి వస్తుంది. కొస పైకే ఉండాలా అన్న ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదు. ఐదో దశలో తట్టింది.)

చూడకుండా వదిలేసింది: పై రెండు వరుసలు చేయకపోవడం. రెండు చాలనుకున్నాను. మెత్తటి సంచీ తోలు ముడతలు పడి, నా తప్పు కొలతలను దాచిపెట్టింది.

ఖర్చు: గొట్టం రూ. 160, చిన్న తిరుగుడు యంత్రం రూ. 2,400, కళ్ళద్దాలు, ముసుగులు రూ. 540. ఇప్పటికి మొత్తం రూ. 3,100, 9 గంటలు.

దశ 2: ఎముకలు శుభ్రం చేయడం (14 గంటలు)

మాంసం దుకాణంలో గేదె మూలుగ ఎముకలు ఒక్కోటి 20 రూపాయలు. మొదట ఆరు తెచ్చి ప్రెషర్ కుక్కర్లో ఎనిమిది విజిళ్ళు రానిచ్చాను. మాంసం, కొవ్వు ఊడిపోయి ఎముకలు పాలలా తెల్లగా వచ్చాయి. మర్నాడు రంపం పెడితే సున్నపు ముక్కల్లా పొడిపొడిగా రాలాయి. అంత వేడిలో, అంత ఒత్తిడిలో ఎముకను పట్టి ఉంచే జిగురు పదార్థమంతా చారులోకి దిగిపోతుంది. మిగిలేది చూడటానికి ఎముక, పట్టుకుంటే సుద్ద. ఆరూ పారేశాను. ‘ఇక ఈ కుక్కర్లో పప్పు వండేది లేదు’ అని మా ఆవిడ తేల్చేసింది. కొత్త కుక్కరు ఖర్చు కింది లెక్కలో కలపలేదు.

రెండో విడత 24 ఎముకలకు చేసిన పద్ధతి:

1. రెండు కొసల గుబ్బలూ రంపంతో కోసేసి, మూలుగను పొడవాటి చెంచాతో తీసేయాలి.
2. చాకలి సోడా, గిన్నెల సబ్బు కలిపిన నీళ్ళలో సన్నటి సెగ మీద 3 గంటలు. నీళ్ళు మరగకూడదు, ఆవిరి లేస్తూ ఉంటే చాలు.
3. చల్లారాక గీకి, కొత్త సబ్బు నీళ్ళలో మళ్ళీ 2 గంటలు. నీళ్ళ మీద జిడ్డు తేలడం ఆగేవరకు ఇదే. నాకు నాలుగు సార్లు పట్టింది.
4. మందుల దుకాణంలో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఒక రాత్రి.
5. నీడలో వారం రోజులు ఆరబెట్టాలి. ఒకదాన్ని ఎండలో పెట్టి చూశాను. నిలువునా చీలింది.

బట్టల తెల్లదనానికి వాడే క్లోరిన్ ద్రవం జోలికి పోవద్దు. ఒక ముక్క మీద పరీక్షించాను. వారానికల్లా పైపొర గోటికి రాలుతోంది.

ఖర్చు: ఎముకలు (30) రూ. 600, సోడా, సబ్బు రూ. 70, పెరాక్సైడ్ రూ. 340. ఇప్పటికి రూ. 4,110, 23 గంటలు.

దశ 3: కోత, బెజ్జాలు (31 గంటలు)

ఒక్కో ఎముకను పొడవునా నాలుగు, అడ్డంగా రెండు చేస్తే ఎనిమిది ముక్కలు రావాలి. 24 ఎముకలకు 192. చేతికి వచ్చినవి 131. ఒక పక్క మందంగా, ఇంకో పక్క పలచగా ఉండే ఎముకకు నా లెక్కలతో పని లేదు.

తడికోత తప్పనిసరి. పొడిగా కోస్తే వెంట్రుకలు కాలిన వాసన, ఊపిరితిత్తుల్లోకి దుమ్ము. మేడ మీద బక్కెట్టు తలకిందులుగా పెట్టి, దాని మీద చెక్క, పక్కన సన్నగా నీళ్ళు కారే సీసా, ముఖానికి ముసుగు. మొదటి రోజు ముసుగు లేకుండా గంటసేపు కోసి మూడు రోజులు దగ్గాను.

నెలవంక అంచులు ఆకురాయితోనే బాగా వచ్చాయి. ప్లాస్టిక్ పలకను అచ్చుగా పెట్టి పెన్సిల్‌తో గీసుకున్నాను. మందం 3 మిల్లీమీటర్లు అనుకున్నాను. కాలిపర్‌తో కొలిస్తే 2.6 నుంచి 3.6 వరకు ఉన్నాయి. తర్వాత ఉప్పుకాగితం.

ఒక్కో పలకకు నాలుగు బెజ్జాలు, 1.5 మిల్లీమీటర్ల డ్రిల్ మర. ఈ పనిలో విరిగిన 19 పలకల లెక్క ఇది: అంచుకు 2 మిల్లీమీటర్ల దూరంలో బెజ్జం పెట్టినందుకు 13, మర వేడెక్కి 4, చేతిలోంచి జారి 2. అంచుకు 4 మిల్లీమీటర్లు వదిలాక ఒక్కటీ చీలలేదు. పెద్ద మరతో ప్రతి బెజ్జం అంచునూ రెండు చుట్లు తిప్పి మొద్దు చేయండి. లేకపోతే ఆ అంచే దారాన్ని కోస్తుంది.

మిగిలినవి 131 − 19 = 112. కావలసినవి 98 (కింది నుంచి 30, 28, 24, 16). అదనం 14.

ఖర్చు: మరలు రూ. 420 (ఏడు విరిగాయి), కోత చక్రం రూ. 280. ఇప్పటికి రూ. 4,810, 54 గంటలు.

దశ 4: లోపలి టోపీ (17 గంటలు)

మొదటి టోపీ ఒకే ముక్క తోలుతో చేశాను. 3 మిల్లీమీటర్ల తోలును తడిపి, కుండ మీద లాగి, మేకులు కొట్టి ఆరబెట్టాను. చూడముచ్చటగా వచ్చింది. కుండ మీద వేలెడు మందాన బంకమట్టి పూసి, పైన టోపీ పెట్టి, 1 కిలో ఇనుప గుండును 1 మీటరు ఎత్తు నుంచి వదిలాను. మట్టిలో 9 మిల్లీమీటర్ల గుంట పడింది. నా నెత్తి మీద పెట్టుకునే వస్తువు కాదు.

అప్పుడు మళ్ళీ ఆ పద్యపాదం దగ్గరికి వెళ్ళాను. హోమర్ తోలు టోపీ అని ఊరుకోలేదు, లోపల పట్టీలు అన్నాడు. అందులోనూ ‘బిగించిన’ పట్టీలు. మా వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయనకు బొమ్మ గీసి చూపించాను. ఎన్నో పట్టీలు, గట్టిగా బిగించినవి అన్నాను. ఆయన బొమ్మ వైపు చూడనే లేదు. ‘నులక మంచం కదా బాబూ’ అన్నాడు. ‘పట్టీ తడిపి లాగండి. ఎండాక అదే బిగుసుకుంటుంది.’

నులక మంచమే. ఒంటి ముక్క తోలు దెబ్బ తగిలినచోటే కుంగుతుంది. లాగి కట్టిన పట్టీలు దెబ్బను చట్రం దాకా మోసుకుపోతాయి.

1. చెట్టు బెరడుతో పదును చేసిన తోలే కావాలి (మన వైపు పూర్వం తంగేడు చెక్క వాడేవారు). రసాయన పదును మెత్తటి తోలు ఎండినా బిగుసుకోదు.
2. 4 సెంటీమీటర్ల వెడల్పు తోలు పట్టెను తల చుట్టూ కొలిచి చట్రంగా కుట్టాలి.
3. 8 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలు 16 కోసి, అరగంట నానబెట్టాలి.
4. వాటిని చట్రం నుంచి నడినెత్తి దాకా లాగి కట్టాలి.
5. అడ్డంగా నాలుగు చుట్లు, నిలువు పట్టీల కిందా మీదా అల్లుతూ పోవాలి.
6. కుండ మీదే రెండు రోజులు ఆరనివ్వాలి.

నాలుగో మెట్టులో ఒక తప్పు చేశాను. ఎనిమిది పొడవాటి పట్టీలను ఈ చివర నుంచి ఆ చివరకు, అన్నీ నడినెత్తి మీదుగా వేశాను. ఎనిమిది పొరలు ఒకదాని మీద ఒకటి చేరి 24 మిల్లీమీటర్ల బుడిపె లేచింది. లోపల తల ఆనదు, పైన పలక ఆనదు. విప్పి, నెత్తిన 4 సెంటీమీటర్ల తోలు ఉంగరం పెట్టి, 16 పొట్టి పట్టీలను దానికి కట్టాను. పాత బొమ్మల్లో శిఖరాన గుబ్బో, కుచ్చో ఉంటుంది. దాని కింద ఏదో ఒక ముడి ఉండక తప్పదని అప్పుడు అర్థమైంది.

అదే గుండు, అదే ఎత్తు: ఈసారి గుంట 3 మిల్లీమీటర్లు. ఇంకా ఒక్క పలక కూడా కుట్టలేదు.

నడుమ ఉన్ని. ఇంట్లో ఉన్న పాత గొంగడి ముక్కను వేడి సబ్బు నీళ్ళలో రెండు గంటలు పిసికాను. దక్కను గొర్రె ఉన్ని ముతక. అతుక్కోలేదు, చేతులే పొక్కాయి. మెత్తటి ఉన్ని కొని పొరలుగా పరిచి ఒత్తితే 7 మిల్లీమీటర్ల మందాన దళసరిగా వచ్చింది. ‘నడుమ’ అంటే పట్టీలకూ పలకలకూ మధ్యనా, టోపీ కడుపులోనా? మొదటి విధంగా 12 పలకలు కుట్టి చూశాను. మెత్త మీద పలకలు ఊగి, దారం సడలింది. విప్పి ఉన్నిని లోపలికి, తలకు తగిలేలా మార్చాను. పద్యం రెండు అర్థాలకూ చోటిస్తుంది. దారం ఒక్కదానికే ఇచ్చింది.

ఖర్చు: తోలు రూ. 1,900, ఉన్ని రూ. 650, దారం, మైనం రూ. 310. ఇప్పటికి రూ. 7,670, 71 గంటలు.

దశ 5: కుట్టు (26 గంటలు, అందులో 11 విప్పడానికే)

నైలాన్ దారం వద్దు. ముడి జారుతుంది. మైనం రుద్దిన నార దారం, రెండు సూదులు, ఆరె. చెప్పుకు వేసే ఎదురెదురు కుట్టే ఇక్కడా.

మొదటి రెండు వరుసలు కష్టపడి ఇమిడాయి. మూడో వరుస ఇమడలేదు. కింద 24 పలకలు సరిపోతాయి, పైకి వచ్చేసరికి ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. సంచీ తోలు దాచిన తప్పు ఇదే. మూడో వరుస కింది చుట్టుకొలత 53 సెంటీమీటర్లు, పైది 36. పలక మాత్రం కిందా పైనా 2.2. ఇమడమంటే ఎలా ఇముడుతుంది? పై చుట్టుకొలతను పలకల సంఖ్యతో భాగిస్తే వచ్చే వెడల్పులు ఇవి (అన్నిటికీ కింద 2.2):

1వ వరుస: పైన 2.1 సెం.మీ.
2వ వరుస: పైన 1.9
3వ వరుస: పైన 1.5
4వ వరుస: పైన 0.7

అంటే సన్నటి కొస పైకే ఉండి తీరాలి. పందికోర పుట్టుకతోనే ఒక కొస సన్నం. నేను గొట్టంలోంచి సమంగా కోసి పోగొట్టుకున్న ఆకారం అది. ఎడమ కోర, కుడి కోర అన్న పాత ఊహకు కూడా ఇప్పుడు కాస్త ప్రాణం వచ్చింది: కొస పైకే ఉండాలంటే ఎడమను తలకిందులు చేసి కుడిగా వాడుకోవడం కుదరదు.

కుట్టిన 58 పలకలూ విప్పి, మొత్తం 98 ఆకురాయి పట్టాను. మూడో వరుసలో పై బెజ్జాలు అంచుతోపాటు సగం అరిగి పళ్ళలా మిగిలాయి, నాలుగో వరుసలో పూర్తిగా పోయాయి. మూడో వరుస పలకలకు ఒకదానికొకటి దగ్గరగా రెండేసి, నాలుగో వరుస పలకలకు ఒక్కొక్కటే కొత్తగా పెట్టాను. వాడుకలో ఉన్న బెజ్జాలు: 82 × 4 + 16 × 3 = 376. వరుసల మధ్య కుట్టు కనిపించకుండా సన్నటి తోలు పట్టీ చుట్టాను. ఆ పళ్ళ గుర్తులు కూడా దాని కిందికి పోయాయి.

తూకం: పలకలు 571 గ్రాములు, తోలు 352, ఉన్ని 104, దారం, మైనం, గుబ్బ 38. మొత్తం 1,065 గ్రాములు.

ఖర్చు: దారం మళ్ళీ రూ. 200, సూదులు రూ. 40. ఇప్పటికి రూ. 7,910; 97 గంటలు.

దశ 6: పరీక్ష (5 గంటలు)

కుండ, బంకమట్టి, అదే పద్ధతి. తల మీద పెట్టుకుని ఎవరూ ప్రయత్నించకండి.

500 గ్రాముల సుత్తి తల, 1 మీటరు: పలకలకు ఏమీ కాలేదు, మట్టిలో గుర్తు లేదు.
1 కిలో గుండు, 1 మీటరు: ఒక పలక పగిలింది. గుంట 1 మిల్లీమీటరు.
2 కిలోల గుండు, 1 మీటరు: రెండు పలకలు పగిలాయి, ఒకచోట దారం తెగింది. గుంట 4 మిల్లీమీటర్లు.

పగిలిన పలక మూడు ముక్కలైనా కుట్టు ఊడలేదు, ముక్కలు అక్కడే నిలిచాయి. పక్క పలకలకు పగులు పాకలేదు. పగిలినదాన్ని మార్చడానికి 25 నిమిషాలు పట్టింది. కంచు శిరస్త్రాణానికి సొట్ట పడితే కంచరి దగ్గరికి వెళ్ళాలి. దీనికి ఒక ఆరె, ఒక అదనపు పలక చాలు.

ఎండలో గంటసేపు మేడ మీద పెట్టుకుని తిరిగాను. బరువు ఇబ్బంది పెట్టలేదు. వంగినప్పుడు ముందుకు జారింది. గడ్డం పట్టీని చెవి ముందు నుంచి చెవి వెనక్కి 3 సెంటీమీటర్లు జరిపితే ఆగింది. దింపి తూచితే లోపలి ఉన్ని 104 నుంచి 119 గ్రాములైంది; ఆ 15 గ్రాములూ నా చెమటే. ఉన్నిని కుట్టేయకుండా నాలుగు చోట్ల ముడివేసి ఉంచడం వల్ల తీసి ఉతకగలిగాను.

ఖర్చు: కొత్తగా ఏమీ లేదు. మొత్తం రూ. 7,910, 102 గంటలు.

మిగిలిన పని చెంప రేకులు. దెంద్రా శిరస్త్రాణానికి అవి కంచువి. నాకు కంచు పని రాదు కాబట్టి తోలు మీద పలకలే కుడతాను, చెంపకు ఆరు చొప్పున 12. అదనంగా ఉన్న 14లో మూడు పగిలినవాటి స్థానంలోకి వెళ్ళాయి, మిగిలినవి 11. ఆదివారం ఇంకో ఎముక కోసం మాంసం దుకాణానికి వెళ్ళాలి.